పావు పుణ్యం

మా మనవరాలు పొడుగు. పదమూడేళ్ళకే వాళ్ళమ్మను దాటేసింది. క్లాసులో తనే ఎత్తని సిగ్గుపడి భుజాలు ముందుకు వంచి, మెడ లోపలికి లాక్కొని నడుస్తుంది. ప్రొద్దుటూరులో మా ఇంటి గడప తొక్కిన ప్రతివాళ్ళూ దానికి చెప్పేది ఒకటే మాట. "ఏంది పాపా ఆ వంగుడు? సక్కంగా నిలబడు." వాళ్ళమ్మ చెబుతుంది, వాళ్ళ నాయన చెబుతాడు, చివరికి పాలు పోసే ఆయన కూడా చెప్పి మరీ పోతాడు. నేను మాత్రం చెప్పను. ఊళ్ళో అందరి సంగతుల్లోనూ నోరు పెట్టే దాన్ని, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం గుటకలు మింగుతాను. "అవ్వా, నువ్వొక్కదానివే నన్ను ఏమీ అనవు" అని పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేస్తుంది. అది ప్రేమ కాదే తల్లీ, భయం అని దానికి ఎట్లా చెప్పేది?

మొన్న ఆదివారం నేను నడవలో కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తుంటే, పిల్ల గ్రాఫు కాగితం తెచ్చి నా పక్కన పరిచింది.

"ఏం లెక్కలు పాపా?"

"పౌనఃపున్య బహుభుజి అవ్వా. మా క్లాసు పిల్లల ఎత్తులతో గీయాల."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "పావు పుణ్యమా?" అన్నాను, నాకు తెలియకుండానే.

పిల్ల పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చిన్నప్పుడు నేను చదివింది జమ్మలమడుగులో. మా నాయన బజారులో దర్జీ. ఒక మిషను, ఒక బల్ల, గోడకు మేకులు కొట్టి తగిలించిన రైకలు, అదే అంగడి. ఇప్పటికీ ఎక్కడైనా మిషను నూనె వాసన తగిలితే నాకు మా నాయనే వచ్చి పక్కన నిలబడినట్టుంటుంది. కొత్త గుడ్డల గంజి వాసన, ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల పొగ, సాయంత్రం పక్క హోటల్లో ఎర్రగా కాగే నూనెలో మిరపకాయ బజ్జీలు. బడి వదలగానే నేను ఇంటికి పోయేదాన్ని కాదు, నేరుగా అంగడికే. రైకలకు హుక్కులు కుట్టడం నా పని. పది హుక్కులు కుడితే ఒక బజ్జీ అని మా నాయన ఆశ పెట్టేవాడు. నేను ఎనిమిది కుట్టి పది అనేదాన్ని. ఆయన లెక్కపెట్టకుండానే కొనిచ్చేవాడు.

ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్లను అందరూ నిట్రాడు అనేవాళ్ళు. గుడిసె నడిమధ్యన కప్పు మోయడానికి నిలబెట్టే గుంజ ఉంటుందే, అది నిట్రాడు. అంత పొడుగు మరి. వాళ్ళది తొండూరు దగ్గర పల్లె. తల్లి లేదు. నాయన గొర్రెల మందతో తిరిగేవాడు. ఎండాకాలం మందలు పెన్న ఒడ్డుకు వచ్చేవి కాబట్టి, ఏటి పక్కనే వాళ్ళ జేజి ఒక కొట్టం వేసుకొని ఉండేది. బడి కోసం మనవరాలిని తన దగ్గర పెట్టుకుంది. ఆ పిల్ల పక్కన కూర్చుంటే గొంగడి వాసన వచ్చేది. మొదట్లో ముక్కు మూసుకున్నాను. తర్వాత ఆ వాసన లేకుంటే నాకు పాఠం ఎక్కేది కాదు. దాని సద్దిగిన్నెలో సజ్జ రొట్టె, ఊరిబిండి. ఊరిబిండి అంటే వేయించిన చెనిక్కాయ పప్పులు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరింది. వాళ్ళ జేజి చేతి ఊరిబిండి తిన్న నోటికి ఈ రోజుకీ మిక్సీలో తిప్పింది సయించదు.

నిట్రాడు వంగి నడిచేది. పొడుగు పిల్ల కదా, సిగ్గేమో అనుకునేవాళ్ళు అందరూ. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఒకరోజు ఏట్లో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు దోసిళ్ళతో తాగుతుంటే చెప్పింది.

"మా కొట్టం వాకిలి పొట్టిది మే. దానికి నా తల తగిలిన పొద్దు బడి చాలంటాంది మా జేజి. పావడ తీసేసి ఓణీ ఏస్తాదంట. మా నాయనెంట గొర్లకు పంపిస్తాదంట."

"తగిలిందా మరి?"

"పోయినేడే తగిలేది. నేనే వంగి పోతాండా. జేజికి కండ్లు సరిగ్గా ఆనవు గదా, చప్పుడైతేనే తెలుస్తాది."

వాకిట్లో వంగి వంగి, అదే అలవాటై బజార్లోనూ బడిలోనూ వంగేది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఆ పిల్ల మొక్కగా ఉన్నప్పుడే వంగింది, చదువు కోసం. "ఎవురితోనూ అనగాకు మే" అని నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకొని ఒట్టు వేయించుకుంది. వేశాను. ఒట్టు వేయడానికి ఏముంది, పదమూడేళ్ళ నోరు కదా.

మాకు లెక్కలు చెప్పే సారుది కోస్తా దేశం. అందరినీ "ఏవమ్మా" అని పిలిచేవాడు. మా మాట ఆయనకు మొరటు, ఆయన మాట మాకు పాట. "యాడికి పోతాండావు సార్" అని మేం అడిగితే తిడుతున్నామనుకొని మొదట్లో బెదిరిపోయేవాడు పాపం. ఒకరోజు బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'పౌనఃపున్యం' అని రాశాడు. నోరు తిరిగితేనా? తలా ఒక రకంగా అన్నాం. చివరికి క్లాసంతా కలిసి దాన్ని 'పావు పుణ్యం' చేశాం.

సారు సుద్దముక్క పక్కన పెట్టి నడుం మీద చేతులు వేసుకున్నాడు. "సరేనమ్మా, పుణ్యం పావే అయితే, మిగిలిన ముప్పావు ఏంటి?"

"పాపం సార్!" అంది నిట్రాడు, కూర్చున్నచోటి నుంచే.

క్లాసు క్లాసంతా గొల్లుమంది. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అంత నవ్వాడు. అప్పుడు నాకేం తెలుసు, ఆ ముప్పావు నా వంతుకే వస్తుందని.

బహుభుజి గీయాలంటే ముందు అంకెలు కావాలి. పుస్తకంలో అంకెలు వద్దు, మనవే తీసుకుందాం అన్నాడు సారు. మొదట వయసులు తీశాం. హాజరు పట్టీ తెరిచి చూస్తే అందరం జులై ఒకటిన పుట్టినవాళ్ళమే, అందరికీ ఒకే వయసు. బడిలో చేర్చేటప్పుడు "ఏరు పొంగిన ఏడు పుట్టింది సార్" అని ఏ తల్లి చెప్పినా, అయ్యవారు రాసేది అదే కదా. అందరం ఒకే అంతరంలో పడ్డాం; ఇంత నుంచి ఇంత దాకా అని కట్టిన గడిని సారు అంతరం అనేవాడు, ఒక్కోసారి తరగతి అనేవాడు. సారు చుక్కపెట్టి, రెండు పక్కలా కిందికి గీతలు లాగి, దిగాలుగా చూశాడు. "ఇది బహుభుజి కాదమ్మా, త్రిభుజం."

అందుకే ఎత్తులు. "ఎత్తుకు జులై ఒకటి ఉండదు" అన్నాడు. నేను మా నాయన అంగడి నుంచి టేపు తెచ్చాను. దర్జీ కూతురిని కదా, కొలిచే పెత్తనం నాదే. గోడకు ఒక్కొక్కరినీ ఆనించి నిలబెట్టడం, నెత్తి మీద స్కేలు పెట్టడం, గోడ మీద బొగ్గుతో గీత గీయడం. కొందరు మడమలు ఎత్తేవాళ్ళు. ఎత్తితే కాలి మీద ఒక్కటి తగిలించేదాన్ని.

నిట్రాడు వచ్చి గోడకు ఆనుకుంది. అలవాటుగా మోకాళ్ళు వంచి, మెడ లోపలికి లాక్కుంది.

"సక్కంగా నిలబడు మే."

"వద్దు మే" అంది చిన్నగా.

"ఈడ మీ జేజి ఉందా ఏంది? గోడలకు చెవులుంటాయి గానీ కండ్లుంటాయా?" గదవ కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తాను. "నిలబడు. ఒక్కతూరి నిలబడు."

నిలబడింది. మోకాళ్ళు, నడుము, భుజాలు, మెడ, ఒక్కొక్కటే నిటారుగా అయ్యాయి. క్లాసంతా "యబ్బా!" అంది. నాకు స్కేలు అందలేదు, స్టూలు ఎక్కాల్సి వచ్చింది. సారు కూడా దగ్గరకు వచ్చి చూశాడు. "ఇంత ఎత్తు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా?" అన్నాడు. అది సిగ్గుపడలేదు. పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వింది. ఆ రోజు బడి వదిలాక గేటు దాకా అట్లాగే నిటారుగా నడిచిపోయింది. నేను వెనక నిలబడి చూసి మురిసిపోయాను.

మర్నాడు సారు గీయడం నేర్పాడు. అడ్డంగా ఎత్తులు, నిలువుగా ఎంతమంది పిల్లలో ఆ లెక్క. ప్రతి అంతరానికీ నడిమధ్యన, ఎంతమంది ఉంటే అంత ఎత్తులో ఒక చుక్క. చుక్కకూ చుక్కకూ స్కేలుతో గీత. గీతలన్నీ కలిసేసరికి ఒక కొండ లేచింది. అందరం నడుమనే కుప్పగా ఉన్నాం. కుడి పక్క చిట్టచివరి అంతరంలో ఒకే ఒక్క చుక్క. అది నిట్రాడు.

"అయిపోలేదమ్మా" అన్నాడు సారు. "ఎడమ వైపు ఇంకో తరగతి, కుడి వైపు ఇంకో తరగతి ఉన్నట్టు అనుకోవాలి. వాటిల్లో ఎవరూ లేరు కాబట్టి సున్నా. ఆ సున్నాల దగ్గరికి గీతను దించాలి. గుడారానికి రెండు పక్కలా మేకులు కొట్టకపోతే ఏమవుతుంది?"

"గాలికి లేచిపోతాది సార్!" అన్నాం.

"ఎవరూ లేని తరగతికి చుక్క ఎందుకు సార్?" అని అడిగాను నేను.

"ఎవరూ లేరని చెప్పడానికేనమ్మా" అన్నాడు.

తనిఖీకి పెద్దసార్లు వస్తారని, ఆ బొమ్మను పెద్ద చార్టు మీద గీసే పని నాకిచ్చాడు. నా కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు. ఆ సాయంత్రం అంగట్లో మా నాయన కత్తిరించే బల్ల మీద చార్టు పరిచి, రంగులు దిద్దుతూ కూర్చున్నాను. అప్పుడొచ్చింది నిట్రాడు వాళ్ళ జేజి, కొంగున చెనిక్కాయలు కట్టుకొని, చంకలో ఒక గుడ్డ ముక్క పెట్టుకొని.

"అప్పా, మనవరాలికి ఒక పావడ కుట్టాల. రొంత పొడుగ్గా కుట్టు, ఇంకో ఏడొస్తాది" అంది మా నాయనతో. కాయలు నా ముందు పోసి, చార్టు మీదకు వంగింది. "ఏంది పాపా ఈ కొండ?"

ఆ చార్టును అంతవరకూ మా నాయన కూడా సరిగ్గా చూడలేదు. ఆ ముసలామె మాత్రం కళ్ళు చికిలించుకొని, గీత వెంబడి వేలు పెట్టి మరీ చూసింది. నాకు పట్టరాని సంతోషం. ఈ చుక్క పొట్టివాళ్ళు జేజీ, ఇది నేను, ఇది ఫలానా పిల్ల అని చెప్పుకుంటూ పోయాను. ఆమె వేలు చివరికి వచ్చింది.

"ఒక్కటే ఉండాదే ఈడ. ఇదెవురు?"

మరిచిపోయాను అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఒట్టు గుర్తుంది. ఏటి చెలమా, నెత్తి మీద చెయ్యీ, అన్నీ గుర్తున్నాయి. కానీ ఆమె నా బొమ్మను చూస్తోంది, నన్ను అడుగుతోంది. ఇంకాసేపు అడిగితే బాగుండుననే ఆశ ఒక్కటే నా నోట్లో నుంచి మాట్లాడింది.

"మీ మనవరాలే జేజీ! మా క్లాసులో దానికంటే పొడుగు ఎవురూ లేరు. నేనే గోడకు నిలబెట్టి కొల్చినా. స్టూలెక్కినా అందల్యా!"

జేజి ఆ చుక్క మీద నుంచి వేలు తీసేసింది. చార్టును చూడలేదు, నన్నూ చూడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకొని లేచింది.

"అప్పా" అంది మా నాయనతో, "పావడ వద్దులే. ఆ గుడ్డలో ఓణీకి రైక కుట్టు. రేపు పిల్లను తోడకొస్తా, కొలత తీసుకో."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ రోజూ అనే మాటే. రోజూ వినే మాట చెవికి ఎక్కదు. మా నాయన "అట్లనేమ్మా" అని గుడ్డ మడిచి పెట్టాడు. ఆయనకేం తెలుసు? నేను చెప్పలేదు. చెబితే కొడతాడని కాదు, మా నాయన ఎప్పుడూ కొట్టలేదు. ఆయన నన్ను చూసే చూపు మారుతుందేమోనని.

మర్నాడు కొలత తీసుకున్నప్పుడు నేను అంగడికి పోలేదు, కడుపునొప్పి అన్నాను. ఆ మర్నాడు పోక తప్పలేదు. కుట్టిన రైక బల్ల మీద ఉంది. "బిన్నా కానీమ్మా, హుక్కులు కుట్టు, ముసలామె వస్తాది" అన్నాడు మా నాయన. కుట్టాను. ఆ రైకకు హుక్కులు కుట్టింది నేనే. సూది వేలిలో దిగినా కుట్టాను. మా నాయన బజ్జీ తెచ్చిస్తే మొదటిసారి వద్దన్నాను. ఆయన నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూశాడు.

నిట్రాడు మళ్ళీ బడికి రాలేదు. సారు ఊరుకోలేదు, ఒక సాయంత్రం ఏటి ఒడ్డుకు పోయాడు. జేజి ఆయనను మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిందట. "నువ్వు మంచోనివే సార్. గొర్లెనక నా కొడుకు ఒగడే తిరుగుతాండాడు. ఎదిగిన పిల్లను ఈ కండ్లతో నేను యాడ కాసేది?" అందట. మర్నాడు క్లాసులో మాకు ఇదంతా చెప్పి, సుద్దముక్క తీసుకున్నాడు.

"చివరి చుక్క చెరిపేయాలా సార్?" అని అడిగాను.

"కొలిచిన రోజు ఉంది కదమ్మా. ఉండనీ" అన్నాడు.

ఏడాది పొడుగునా ఆ చార్టు మా గోడ మీదే ఉంది. పెద్దసార్లు వచ్చి మెచ్చుకొని, నాకు పెన్ను ఇచ్చి పోయారు. ఆ పెన్నుతో నేను ఒక్క అక్షరం రాయలేదు. నా పక్కన బెంచీ ఖాళీ. గొంగడి వాసన కొన్నాళ్ళు ఉండి, అదీ పోయింది. చార్టులో చివరి చుక్క నుంచి గీత, ఎవరూ లేని ఆ తరగతిలోకి జర్రున దిగేది. దాన్ని అంత నున్నగా దిద్దింది నేనే.

తర్వాత నేను పదో తరగతి గట్టెక్కాను, పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాను, పిల్లలు, వాళ్ళ పిల్లలు. జేజి పోయింది. మా నాయన పోయాడు.

నాలుగైదేళ్ళ కిందట బంధువుల ఇంట్లో పెళ్ళికి పులివెందుల పోయాను. తిరిగి వస్తూ బస్టాండు బయట నిలబడి ఉంటే, తొండూరు పోయే ఆటో దగ్గర ఒక పొడుగాటి మనిషి. తల నెరిసింది. భుజాలు ముందుకు వంగి ఉన్నాయి. మొహం చూడకముందే ఆ వంగుడును బట్టి గుర్తుపట్టాను. "నిట్రాడూ!" అని అరిచాను నడిబజార్లో, వయసు మరిచి.

తిరిగి చూసింది. పళ్ళు కొన్ని లేవు గానీ నవ్వు అదే. "యబ్బా! హుక్కులమ్మీ! నువ్వా మే?" అని రెండు చేతులూ పట్టుకుంది. ఇప్పటికీ జీవాలున్నాయట, రొంత చీనీ తోట, అదే బత్తాయి, కూడా వేశారట. కొడుకు కువైట్‌లో ఉన్నాడట. మనవరాలిని వేంపల్లెలో చదివిస్తోందట. తన సంగతులన్నీ సంతోషంగానే చెప్పింది. నేను ఊ కొడుతూ, ఇప్పుడు చెప్పేస్తాను, ఇప్పుడు చెప్పేస్తాను అని లోపల కాళ్ళూ చేతులూ కూడదీసుకుంటున్నాను. ఇంతలో అదే ఎత్తింది ఆ మాట.

"నీకు గ్యాపకం ఉందా మే? ఆ పొద్దు గోడకు నిలబెట్టి సక్కంగా నిలబడమన్యావు. నా బతుకులో నన్ను అట్ల నిలబడమనింది నువ్వొక్కదానివే. శానా కుశాలైంది నాకు. ఆ కుశాలలో ఇంటికి పోయి, వంగేది మర్సిపోయినా. దడీమని తగిలింది వాకిలి! జేజి లోపలే ఉండాది, యినింది. ఏం చేస్తావు, నా కర్మ. నా చదువు నా తలకాయే తీసింది" అని పకపకా నవ్వింది.

నేను లోపలే రోజులు లెక్కపెట్టుకున్నాను. తల తగిలింది నేను కొలిచిన రోజు. జేజి అంగడికి వచ్చింది ఆ మర్నాడు. వచ్చి అడిగింది ఓణీ కాదు, పావడ. పొడుగ్గా కుట్టమంది, ఇంకో ఏడొస్తుందని. అంటే ఆ చప్పుడు విని కూడా విననట్టే ఉండిపోయింది ఆ ముసలిది. ఇంకో ఏడాది చదువుకోనీ అనుకుంది. తన పంతాన్ని తనే మింగి, ఎవరికీ తెలియదులే అని వచ్చిన మనిషికి, అందరికీ తెలుసు జేజీ, చుక్కపెట్టి గోడకు తగిలిస్తున్నాం అని చెప్పింది నేను. ఆ పావడ సంగతి మా నాయనకు తెలుసు, ఆయన లేడు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

నోరు తెరిచాను. "అది కాదు మే..." అన్నాను.

"ఏంది?"

దాని మొహం నా మొహానికి దగ్గరగా ఉంది. నన్ను నిలబడమన్నది నువ్వొక్కదానివే అన్న సంతోషం ఇంకా ఆ కళ్ళల్లోనే ఉంది. దాని దగ్గర నా పేరు మీద ఉన్న పుణ్యం ఆ పావే. అదీ లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. దాని కోసమని అనుకుంటాను ఒక్కోసారి. నా కోసమేనని తెలుసు.

ఆటో అతను హారన్ కొట్టాడు. "వస్తా మే, తొండూరు రా ఒకతూరి, ఊరిబిండి చేసి పెడతా" అని ఆటో ఎక్కబోయింది. ఆటో కప్పు కడ్డీ కిందుగా ఉంది. నేను గబుక్కున చెయ్యి చాచి కడ్డీకి అడ్డం పెట్టాను. "తల మే, తల జాగర్త" అన్నాను. అన్నేళ్ళ తర్వాత నా నోటి నుంచి వచ్చింది అదొక్కటే.

అది సగం ఎక్కి, వంగిన మెడను నా వైపు తిప్పి నవ్వింది.

"ఇప్పుడు తగిల్తే ఏమైతాది మే? మాన్పించేకి నాకు ఇంగా ఏం బడి ఉండాది?"